ముందు రాత్రి లెక్క, తరువాత మిద్దె లెక్క

మిద్దె మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకోవాలనుకునే కుటుంబాలు ఈమధ్య ఎక్కువయ్యాయి. జుమా నమాజు ముగిశాక మస్జిద్ వరండాలో నిలబడి మాట్లాడుకునే విషయాలలో ఇప్పుడు ఇదొకటి. ఎన్ని కిలోవాట్లు పెట్టించారు, సబ్సిడీ ఎంత వచ్చింది, బిల్లు ఎంత తగ్గింది అనేవే అందరూ అడిగే ప్రశ్నలు. అవి అడగదగినవే. కాని వాటన్నిటికంటే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. కరెంటు పోయిన రాత్రి మన ఇంట్లో ఏవి ఆగిపోకూడదు? దీనికి జవాబు కాగితం మీద రాసుకున్న తరువాతే మిద్దెను కొలవాలని మా మనవి.

మా మదరసా మిద్దె మీద ప్యానెళ్లు అమర్చే పనిని పెద్దలు మాకు అప్పగించినప్పుడు ఈ లెక్కలన్నీ నేర్చుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి విద్యార్థుల తల్లిదండ్రులు కూడా తమ ఇళ్ల సంగతి మమ్మల్ని అడుగుతూ ఉంటారు. మొన్న వేసవిలో అలా వచ్చిన ఒక తండ్రి మాట ఈ వ్యాసానికి కారణం.

ఆయన ఇంటి మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లు ఉన్నాయి. బిల్లు బాగా తగ్గింది. తల్లిగారికి ఊపిరితిత్తుల జబ్బు. రాత్రి నిద్రలో ఆమెకు ఆక్సిజన్ కాన్సంట్రేటర్ తప్పనిసరి. ఒక రాత్రి గాలివానకు తీగలు తెగి కరెంటు పోయింది, యంత్రం ఆగింది. ఆటో దొరికి, ఆసుపత్రికి చేర్చేసరికి ఆమె పెదవులు నీలిరంగుకు తిరిగాయి. అల్లాహ్ దయవల్ల గండం గడిచింది. "మౌలానా సాబ్, మిద్దె మీద అంత డబ్బు పెట్టాను. మా అమ్మీకి ఒక్క గంట గాలి అందించలేకపోయింది. పగలు కరెంటు పోయినా ఇంతేనట, ఎండ కాస్తున్నా ఇంట్లో ఫ్యాను తిరగదట. మరి ఎందుకండీ ఇది?" అన్నారాయన.

ఆయనకు అమర్చిన సామగ్రిలో లోపం లేదు. అది బిల్లు తగ్గించడానికి చేసిన ఏర్పాటు, ఆ పని అది చేసింది. ఆపదలో ఆదుకునే ఏర్పాటు వేరు. ఆ తేడాను ఆయనకు ముందుగా ఎవరూ చెప్పలేదు, అంతే.

మూడు విధాల ఏర్పాట్లు

మొదటిది ఆన్‌గ్రిడ్. ప్యానెళ్లు చేసిన విద్యుత్తులో ఇల్లు వాడుకోగా మిగిలింది వీధి తీగలలోకి పోతుంది. రాత్రి మనం తిరిగి వాటి నుంచే తీసుకుంటాము. రెండు వైపులా లెక్కించే మీటరు ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని నమోదు చేస్తుంది. ఇందులో బ్యాటరీ ఉండదు. వీధిలో కరెంటు పోగానే ఈ ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. అది ఆగిపోవాలి కూడా. కరెంటు లేదనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ చేతిలోకి మన మిద్దె మీది విద్యుత్తు ప్రవహిస్తే ఆయన ప్రాణం పోతుంది. అందుకే ఈ నియమం.

రెండవది ఆఫ్‌గ్రిడ్. ప్యానెళ్లు బ్యాటరీని నింపుతాయి, బ్యాటరీ ఇంటిని నడుపుతుంది. వీధి తీగలకు విద్యుత్తు పంపడం ఉండదు. తోటలో ఇల్లు, కొండ మీది తండా వంటి చోట్లకు ఇది తగినది.

మూడవది హైబ్రిడ్. ఇది వీధి తీగలతోనూ కలుస్తుంది, బ్యాటరీనీ నింపుతుంది. కరెంటు పోయినప్పుడు వీధి నుంచి ఇంటిని విడదీసి, మనం ఎంచుకున్న దీపాలను, ఫ్యాన్లను బ్యాటరీ మీద నడుపుతుంది. పట్టణాలలో ఉండి, రాత్రి కరెంటు పోతే ఇబ్బందిపడే కుటుంబాలకు సరిపోయేది ఇదే.

రాత్రి జాబితా

ఇప్పుడు కాగితం తీసుకోండి. కరెంటు పోయినప్పుడు నడవవలసిన వస్తువులను మాత్రమే రాయండి. ఒక్కొక్కటి ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు నడవాలి అన్నది పక్కన వేసి గుణించండి. ఉదాహరణకు, నాలుగు గంటలు కరెంటు పోతుందనుకుని ఆరుగురున్న ఒక ఇంటి లెక్క చూద్దాం.

మూడు ఫ్యాన్లు. తక్కువ విద్యుత్తు తీసుకునే బీఎల్‌డీసీ రకమైతే ఒక్కొక్కటి సుమారు 30 వాట్లు. నాలుగు గంటలకు 360 వాట్-అవర్లు. ఐదు ఎల్‌ఈడీ దీపాలు, ఒక్కొక్కటి 9 వాట్లు. మొత్తం 180. సెల్‌ఫోన్లకు, ఇంటర్నెట్ పెట్టెకు కలిపి 100. ఫ్రిజ్‌కు 200. అన్నీ కలిపితే 840 వాట్-అవర్లు, అంటే యూనిట్ కంటే కొంచెం తక్కువ.

బ్యాటరీలోని విద్యుత్తును ఇంటికి పనికివచ్చేలా మార్చేటప్పుడు ఇన్వర్టర్ కొంత తినేస్తుంది. ఆ నష్టాన్ని 15 శాతంగా తీసుకుంటే బ్యాటరీ నుంచి రావలసినది సుమారు 990. సీసపు ట్యూబులర్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే దాని ఆయుష్షు తగ్గుతుంది. కనుక దానికి రెట్టింపు, అంటే సుమారు 1,980 వాట్-అవర్ల సామర్థ్యం కావాలి. 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ అంటే 12ను 150తో గుణించాలి, 1,800 వస్తుంది. అది చాలదు, 200 ఆంపియర్-అవర్ది తీసుకోవాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని 80 శాతం వరకు నిశ్చింతగా వాడుకోవచ్చు. కాబట్టి అదైతే 1,240 చాలు. 12.8 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ సరిగ్గా సరిపోతుంది.

ఇదే ఇంట్లో 75 వాట్ల పాత ఫ్యాన్లే ఉన్నాయనుకోండి. ఫ్యాన్లకే 900 అవుతుంది, మొత్తం 1,380కి పెరుగుతుంది. అప్పుడు సీసపు బ్యాటరీ సామర్థ్యం 3,250 దాకా ఉండాలి. అంటే 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలు రెండు కొనాలి. మూడు ఫ్యాన్లు మార్చడం వల్ల ఒక బ్యాటరీ ఖర్చు తప్పుతున్నది. బ్యాటరీని కొన్నేళ్లకు మళ్లీ కొనాలి, ఫ్యాన్లు దానికంటే ఎక్కువ కాలం మన్నుతాయి. అందుకే సోలార్ పని ఫ్యాన్లతో, దీపాలతో మొదలు కావాలని మేము చెబుతాము. ఇస్రాఫ్ అంటే ఎక్కువ ఖర్చుపెట్టడమే అనుకుంటాము. అనవసరంగా ఖర్చయ్యే విద్యుత్తును నిలవ చేయడానికి పెద్ద బ్యాటరీ కొనడం కూడా ఇస్రాఫే.

ఏసీ, గీజరు, ఇస్త్రీపెట్టె, నీళ్ల మోటారు ఈ జాబితాలోకి రాకూడదు. 1 హార్స్‌పవర్ మోటారు నడుస్తున్నప్పుడు సుమారు 1,000 వాట్లు తీసుకుంటుంది, మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. దానిని ఎండ బాగా ఉన్న సమయంలో, జుహర్‌కు ముందే వేసి ట్యాంకు నింపుకుంటే రాత్రికి దాని అవసరమే ఉండదు. బట్టలుతికే యంత్రం, రుబ్బే పని కూడా ఆ వేళలోనే పెట్టుకుంటే మంచిది.

జాబితా రాసేటప్పుడు రమజాన్‌ను మరువకండి. తరావీహ్ నుంచి వచ్చాక కొంత మెలకువ, మళ్లీ సహెరీకి ఇంటిల్లిపాదీ లేవడం. ఆ నెలలో రాత్రి వాడకం మామూలు కంటే ఎక్కువ. రమజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. పదేళ్లు ఉండవలసిన బ్యాటరీ, రమజాన్ మూడున్నర నెలల మేర ముందుకు కదలడాన్ని చూస్తుంది. ఈ ఏటి వాతావరణాన్ని బట్టి మాత్రమే లెక్క వేయకూడదు.

రోగి ఉన్న ఇల్లు

ఆ తండ్రి ఇంటి లెక్కను ఆయనతోనే కూర్చుని వేశాము. 5 లీటర్ల కాన్సంట్రేటర్ సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. ఎనిమిది గంటలకు 2,800 వాట్-అవర్లు. తల్లిగారి గదిలో ఒక ఫ్యాను, పిల్లల గదిలో ఒక ఫ్యాను, ఒక చిన్న దీపం కలిపి 550. మొత్తం 3,350. ఇన్వర్టర్ నష్టం కలిపితే 3,940. లిథియం బ్యాటరీలో 80 శాతమే వాడాలనుకుంటే 4,925. 51.2 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 5,120 ఉంటుంది. ఇది చాలు.

అంత పెద్ద బ్యాటరీకి 48 వోల్టుల శ్రేణి ఎందుకంటే, తీగల కోసం. 1,000 వాట్లను 12 వోల్టుల మీద తీసుకుంటే తీగలో 83 ఆంపియర్లు పారుతాయి, 48 వోల్టుల మీద 21 మాత్రమే. ఎక్కువ ఆంపియర్లు అంటే వేడెక్కే తీగలు, వదులైన చోట నిప్పు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. హైబ్రిడ్ ఇన్వర్టర్లు చాలావరకు బిల్లు తగ్గించే పద్ధతిలో కూడా నడుస్తాయి. ఆ పద్ధతిలో మగ్రిబ్ తరువాత బ్యాటరీని వాడడం మొదలుపెట్టి అర్ధరాత్రికి దాదాపు ఖాళీ చేస్తాయి. సరిగ్గా అప్పుడు కరెంటు పోతే బ్యాటరీ ఉండీ లేనట్టే. కనుక ఎంత శాతం నిలవ ఎప్పుడూ ముట్టుకోకూడదో ఇన్వర్టర్‌లో ముందుగా నిర్ణయించి పెట్టించాలి. రోగి ఉన్న ఇంట్లో బ్యాటరీ మొత్తం ఆపదకే ఉంచాలి. ఇచ్చిపుచ్చుకునే మీటరు ఉన్న ఇంటికి రోజువారీ బిల్లు సంగతి ఆ మీటరే చూసుకుంటుంది.

అయినా యంత్రం యంత్రమే. దట్టంగా మబ్బు పట్టిన రోజున ప్యానెళ్లు మామూలులో నాలుగో వంతు కూడా ఇవ్వకపోవచ్చు. వరుసగా రెండు రోజులు కరెంటు లేకపోతే ఏ బ్యాటరీ అయినా అయిపోతుంది. ప్రాణానికి సంబంధించిన చోట వైద్యుని సలహాతో ఆక్సిజన్ సిలిండర్‌ను ఇంట్లో సిద్ధంగా ఉంచుకోవాలి. సోలార్ దానికి తోడు మాత్రమే.

ఎండ, నీడ, దిక్కు

రాత్రి లెక్క తేలింది. ఇప్పుడు మిద్దె ఎక్కుదాం. మన తెలుగు ప్రాంతాలలో 1 కిలోవాట్ ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. వాటికి నీడ పడని చోటు సుమారు 10 చదరపు మీటర్లు కావాలి. వర్షాకాలంలో రాబడి తగ్గుతుంది. మండువేసవిలో కూడా అనుకున్నంత పెరగదు. ప్యానెల్ మీద రాసి ఉండే సామర్థ్యం 25 డిగ్రీల వేడికి లెక్కించినది. మే నెలలో ప్యానెల్ 65 డిగ్రీలకు కాగితే సుమారు ఏడో వంతు తగ్గుతుంది. ప్యానెళ్ల కింద గాలి ఆడేలా ఎత్తుగా బిగించాలనేది ఇందుకే.

ప్యానెళ్లు దక్షిణం వైపు చూడాలి. ఖిబ్లా తెలిసిన ఇంటికి దక్షిణం వెతుక్కునే పని లేదు. హైదరాబాదు నుంచి ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరంగా, సుమారు 13 డిగ్రీల మేర ఉంటుంది. ఖిబ్లా వైపు నిలబడి ఎడమచేయి చాచితే అది దక్షిణానికి కొంచెం పడమరగా చూపుతుంది. ఆ కాస్త తేడా వల్ల ప్యానెళ్లకు చెప్పుకోదగ్గ నష్టం లేదు. వాలు మన ఊరి అక్షాంశానికి దగ్గరగా ఉండాలి. కడపలో 14, విజయవాడలో 16, హైదరాబాదులో 17 డిగ్రీల చొప్పున.

నీడ సంగతి మరింత ముఖ్యం. ప్యానెళ్లను వరుసగా కలుపుతారు కాబట్టి ఒకదాని మీద నీళ్ల ట్యాంకు నీడ పడితే ఆ వరుస అంతా కుంటుపడుతుంది. నీడను కొలిచి అసర్ వేళను గుర్తించడం మదరసా పిల్లలకు మేము నేర్పే పాఠాలలో ఒకటి. అదే పుల్లను మిద్దె మీద నిలపండి. వేసవిలో కొలిచి ఊరుకోవద్దు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి ఒరుగుతాడు. హైదరాబాదులో ఆ నెల చివర నడిమధ్యాహ్నం కూడా సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. పది అడుగుల గోడ నీడ ఉత్తరంగా దాదాపు తొమ్మిది అడుగులు పడుతుంది. ఉదయం, సాయంత్రం ఇంకా పొడవు. దక్షిణం పక్క ఖాళీ స్థలం ఉంటే, అక్కడ రేపు మూడంతస్తులు లేస్తే ఏమవుతుందో కూడా ఆలోచించాలి.

తీరప్రాంతం వారు గాలిని లెక్కలోకి తీసుకోవాలి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం మీద విరుచుకుపడిన హుద్‌హుద్ తుపాను రేకులను, చెట్లను ఎలా ఎగరగొట్టిందో చూసినవారున్నారు. ప్యానెల్ ఒక పెద్ద రేకు వంటిదే. దానిని ఇటుకల బరువు మీద ఆన్చి వదిలేయకూడదు. చట్రాన్ని స్లాబులోకి దిగగొట్టి, ఆ రంధ్రాల నుంచి వాన నీరు కారకుండా పూడ్పించాలి.

వారానికి పదిరోజులకు ఒకసారి దుమ్ము కడగాలి. అది తెల్లవారుజామున, ప్యానెళ్లు చల్లగా ఉన్నప్పుడు. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లు ఆరితే తెల్లని పొర కడుతుంది. అటువంటి ఊళ్లలో వాన నీరు పట్టి ఉంచుకోవడం, లేదా మెత్తని గుడ్డతో వెంటనే తుడవడం మేలు.

బ్యాటరీకి ఏ చోటు?

చాలా ఇళ్లలో బ్యాటరీని మిద్దె మీది మెట్ల గదిలో రేకుల కింద పెడతారు. వేసవిలో అది కొలిమి. సీసపు బ్యాటరీ చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందంటారు. నింపేటప్పుడు దాని నుంచి మండే స్వభావమున్న వాయువు కూడా వస్తుంది. గాలి ఆడే చోటు ఉండాలి, దగ్గరలో పొయ్యి, అగరుబత్తి ఉండకూడదు. అందులోకి డిస్టిల్డ్ నీరే పోయాలి. లిథియం బ్యాటరీకి నీళ్ల పని లేదు, కాని చల్లని, పొడి చోటే దానికీ క్షేమం.

అలాగని నేలకు ఆనించి కూడా పెట్టవద్దు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీరు వచ్చినప్పుడు కింది అంతస్తులు మునిగాయి. దీపం అత్యవసరమైన రోజున దీపమిచ్చే పెట్టే నీళ్లలో ఉంటే ఏం లాభం? పల్లపు ప్రాంతంలో ఉన్నవారు పై అంతస్తులో, నీడ ఉన్న గదిలో, గోడకు ఎత్తుగా అమర్చుకోవాలి.

డబ్బు సంగతి

కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయల చొప్పున, మూడవ కిలోవాట్‌కు 18,000 రూపాయలు సబ్సిడీగా ఇస్తారు. 3 కిలోవాట్లకు, ఆపైన ఎంత పెట్టినా 78,000 రూపాయలే. ఇది వీధి తీగలతో కలిసిన ఏర్పాటుకు, ప్యానెళ్ల సామర్థ్యాన్ని బట్టి ఇచ్చేది. బ్యాటరీకి వేరుగా ఏమీ కలవదు. సబ్సిడీ సాధారణంగా పని పూర్తయి, తనిఖీ జరిగాక ఖాతాలో పడుతుంది. కాబట్టి ముందు చేతిలో ఎంత ఉండాలో అడిగి తెలుసుకోవాలి.

వడ్డీ అప్పు వద్దనుకునే కుటుంబాలు ఈ పనిని మెట్లు మెట్లుగా చేసుకోవచ్చు. మొదటి మెట్టు ఫ్యాన్లు, దీపాలు మార్చడం. రెండవది, రాత్రి జాబితాలోని వస్తువులన్నిటినీ ఎలక్ట్రీషియన్‌తో ఒక ప్రత్యేక బోర్డు మీదికి తెప్పించడం. దీనికి పెద్దగా ఖర్చు కాదు, కాని ఇది లేకుండా ఏ బ్యాటరీ నిలవదు. మూడవది, హైబ్రిడ్ ఇన్వర్టర్‌తో ప్యానెళ్లు. నాల్గవది బ్యాటరీ. రోగి ఉన్న ఇంట్లో మాత్రం బ్యాటరీ ముందు, ప్యానెళ్లు తరువాత. వీధి కరెంటుతో కూడా బ్యాటరీ నిండుతుంది. ఇప్పుడు చవకగా వస్తుందని ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ కొని, రేపు బ్యాటరీ కలపాలనుకుంటే ఇన్వర్టర్ మార్చడమో, మరో యంత్రం చేర్చడమో తప్పదు.

ఒప్పందం కాగితం మీదే ఉండాలి. ప్యానెల్, ఇన్వర్టర్, బ్యాటరీ ఒక్కొక్కదానికి ఎన్నేళ్ల హామీ? బ్యాటరీ సామర్థ్యం సి10 లెక్కనా, సి20 లెక్కనా? నెమ్మదిగా 20 గంటల్లో ఖాళీ చేసినప్పుడు వచ్చే సంఖ్య ఎప్పుడూ పెద్దగా కనిపిస్తుంది. ఎర్తింగ్, పిడుగు రక్షణ, ప్యానెళ్ల వైపు తెంపే స్విచ్ ఇందులో కలిసి ఉన్నాయా? ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్ల తీగలలో వందల వోల్టులు ఉంటాయి. పిల్లలను అటువైపు పోనివ్వకూడదు, తెలియనివారితో ఆ తీగలను ముట్టించకూడదు.

చివరి వాయిదా ముందు

డబ్బు మొత్తం చెల్లించే ముందు ఒక పరీక్ష చేయండి. మిస్త్రీ ఎదుటే మీటరు దగ్గరి మెయిన్ స్విచ్ ఆపించండి. మీ జాబితాలోని ప్రతి వస్తువూ నడుస్తున్నదా, జాబితాలో లేనివి నిజంగానే ఆగిపోయాయా చూడండి. ఇషా తరువాత మరోసారి మీరే ఆపి, మీరు లెక్క వేసుకున్నన్ని గంటలూ అలాగే ఉంచండి. ఎప్పుడు ఆపారో, బ్యాటరీ ఎంత శాతం నుంచి ఎంతకు దిగిందో రాసిపెట్టండి. రోగి ఉన్న ఇంట్లో సిలిండర్ పక్కనే పెట్టుకుని, ఇంట్లో ఒకరు మేలుకుని ఉన్నప్పుడే ఇది చేయాలి.

ఆ విద్యార్థి తండ్రి ఇంట్లో ఈ పరీక్షను రెండుసార్లు చేశారు. మొదటిసారి తల్లిగారి గదిలోని ప్లగ్గు కొత్త బోర్డు మీదికి రాలేదని తెలిసింది. ఎలక్ట్రీషియన్ అరగంటలో సరిచేశాడు. ఆపద రాత్రి తెలియవలసిన లోపం మామూలు సాయంత్రం పూట తెలిసిపోయింది. ఆరు నెలలకు ఒకసారి ఈ పరీక్ష చేసే అలవాటు పెట్టుకున్న ఇంట్లో, గాలివాన వచ్చిన రాత్రి ఎవరూ మంచం దిగి పరుగెత్తవలసిన పని ఉండదు.